చాంబర్ అడుగున మడ్డి

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. ఈ మాట చెబితే కారు యజమానుల్లో చాలామంది నమ్మరు. పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఆవిరి రూపంలో సైలెన్సర్‌లోంచి పోతుంది కనక మన కంటికి ఆనదు. డిసెంబరు నెలలో తెల్లవారుజామున విశాఖపట్నంలో ఏ వీధిలోనైనా అప్పుడే స్టార్ట్ చేసిన కారు వెనక నిలబడితే గొట్టం చివర చుక్కలు కనబడతాయి. అయితే ఆవిరంతా అటే పోదు. రింగులు ఎంత కొత్తవైనా కొంత గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందికి, ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే చాంబర్‌లోకి జారుతుంది. మా మెకానిక్కుల పనిలో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. అందులో నీటి ఆవిరితో పాటు సగం కాలిన పెట్రోలు, మసి, ఆమ్లంగా మారే వాయువులు కూడా ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉంటే ఆ ఆవిరి ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ లోపలి గోడకూ చాంబర్ గోడలకూ పట్టి నీరవుతుంది. తిరిగే క్రాంకు ఆ నీటినీ ఆయిలునూ కలిపి చిలికితే మీగడలాంటి తెల్లటి ముద్ద తేలుతుంది. ఆ ముద్ద మసినీ, ఆమ్లాన్నీ, పాడైన ఆయిలునూ తనలో కలుపుకుంటూ నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది. చివరికి చాంబర్ అడుగున మడ్డిగా కూర్చుంటుంది.

నేను పని నేర్చుకున్నది విశాఖపట్నంలో, అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు వచ్చే ఒక పాత షెడ్డులో. ఆ తర్వాత జీవితమంతా ఇంజన్లు విప్పే పనిలోనే గడిచింది. మడ్డి అనగానే అందరూ చెప్పే కారణాలు రెండు: ఆయిలు కల్తీది, లేదా రోడ్డు దుమ్ము లోపలికి పోయింది. రెండూ ఉన్నవే. కానీ ఇంజన్‌లో పుట్టిన నీటిని బయటికి పంపే వేడి, గాలి దారి – ఈ రెండింటినీ మనుషులు ఏ కాలంలో ఎలా చూసుకున్నారన్నదే మడ్డి చరిత్రలో అసలు విషయమని నా నమ్మకం. ఆ చరిత్రలో మా షెడ్డుల భాగం కూడా ఉంది. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు.

మొదట్లో మడ్డి సమస్య ఇలా లేదు, ఎందుకంటే ఆయిలు ఇంజన్‌లో నిలిచేది కాదు. తొలినాటి ఇంజన్లలో చాలావాటికి ఆయిలు చుక్కచుక్కగా అందేది, పని చేసి కాలిపోయేది లేదా బయటికి కారిపోయేది. ఆ పద్ధతి చివరి మెట్టు మొదటి ప్రపంచ యుద్ధంలోని విమాన ఇంజన్లు. నోమ్, లె రోన్, క్లెర్జె అనే రోటరీ ఇంజన్లలో సిలిండర్లూ, క్రాంకు చుట్టూ ఉండే క్రాంకుకేసూ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటే గిరగిరా తిరిగేవి. పెట్రోలు, గాలి మిశ్రమం క్రాంకుకేసులోంచే వెళ్ళేది. అక్కడ మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. పెట్రోల్లో కరగని నూనె కావాలి. అది ఆముదం.

ఆముదం మనకు పరాయిది కాదు. పాత హైదరాబాదు రాజ్యంలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఎర్ర చెలకల్లో ఆముదం ముఖ్యమైన పంట. ఆ రాజ్యం దేశంలోనే ఆముదం ఎక్కువగా పండే ప్రాంతాల్లో ఒకటి. గుజరాత్ సంకర విత్తనాలతో ముందుకు వెళ్ళింది ఆ తర్వాతి కాలంలో. లండన్‌లో సి.సి. వేక్‌ఫీల్డ్ 1899లో నూనెల వ్యాపారం మొదలుపెట్టాడు. 1909లో ఆముదం కలిపిన ఇంజన్ ఆయిలును కాస్ట్రాల్ పేరుతో అమ్మకానికి తెచ్చాడు. విమానాలకూ పందెం కార్లకూ అది బాగా కుదిరింది. ఒత్తిడి ఎంత ఉన్నా ఆముదం పొర తెగదు, బేరింగును వదలదు. ఆ గుణం ఇప్పటికీ మెచ్చదగ్గదే.

దాని దోషం కూడా అంతే గట్టిది. వేడికి ఆముదం బంకవుతుంది. పిస్టన్ రింగుల గాడుల్లో, వాల్వు కాడల మీద గోధుమరంగు పొరగా గట్టిపడి, గీకితే గానీ రాదు. పందెం కార్లు నడిపేవాళ్ళు పోటీ అవ్వగానే ఆముదపు ఆయిలు దించేసేవారు, దానిలో ఖనిజ నూనె కలవనిచ్చేవారు కాదు. యుద్ధకాలపు రోటరీ ఇంజన్లను కొద్ది గంటల ఎగురుడుకే పూర్తిగా విప్పి శుభ్రం చేయాల్సి వచ్చేది. ఆ పని చేసిన మెకానిక్కులు ఫ్రాన్స్ మైదానాల్లో గుడారాల కింద కూర్చుని రింగు గాడులు గీకారు. వాళ్ళ పేర్లు ఎక్కడా కనబడవు, విమానం నడిపినవాడి పేరు మాత్రం పుస్తకాల్లో ఉంటుంది. ఇంజన్‌లో పేరుకునే మురికిని నూనె గుణమే తెచ్చిపెట్టిన కాలం అది. అక్కడ నీటి పాత్ర తక్కువ.

నీటి కథ చాంబర్‌తో మొదలైంది. ఇంజన్ అడుగున ఆయిలు నిలవ ఉంచి, పంపుతో పైకి తోసి, తిరిగి కిందికి రాలనిచ్చే పద్ధతి వచ్చాక ఒకే ఆయిలు వేల మైళ్ళు తిరగాలి. దానిలో పడింది ఏదైనా దానిలోనే ఉంటుంది. 1911లో అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఆయిళ్ళను చిక్కదనం బట్టి అంకెలతో వర్గీకరించింది. డబ్బా మీద ఇప్పటికీ మనం చూసే ఎస్‌ఏఈ అంకెలకు మూలం అదే. కానీ ఆ అంకె చిక్కదనం ఒక్కటే చెబుతుంది. మడ్డిని ఆ ఆయిలు ఏం చేస్తుందో చెప్పదు. ఈ తేడా తెలియక ఈ రోజుకీ డబ్బా మీద పెద్ద అంకె ఉంటే మంచి ఆయిలని కొనేవాళ్ళున్నారు. 1920లలో ఆయిలు ఫిల్టర్ వచ్చింది. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ తయారుచేసిన ఫిల్టర్ ప్యూరొలేటర్ పేరుతో కార్లలోకి ఎక్కింది. అది మంచి మేలే గానీ, చాలాకాలం పాటు ఫిల్టర్ గుండా ఆయిల్లో కొంత భాగమే వెళ్ళేది. పైగా ఏ ఫిల్టరూ ఆయిల్లో కలిసిన నీటిని ఆపలేదు.

నీరు బయటికి పోవడానికి అప్పటి ఇంజన్లకు ఉన్న దారి ఒక గొట్టం. క్రాంకుకేసు నుంచి కిందికి, రోడ్డు వైపుకి వేలాడుతుంది. కారు జోరుగా పోతున్నప్పుడు గొట్టం మూతి దగ్గర గాలి లాగుతుంది, లోపలి ఆవిరి, పొగ బయటికి వస్తాయి, ఆయిలు పోసే మూత వైపు నుంచి తాజా గాలి లోపలికి వెళుతుంది. అంబాసిడర్ ఇంజన్ పక్కన, టాపెట్ సైడ్ కవర్ నుంచి దిగే బ్రీదర్ పైపు ఈ వంశంలోదే. ఆలోచన సులువైనది, ఖర్చు లేనిది. కానీ కారు నిలబడి ఉంటే అది లాగదు. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతుంటే లాగీ లాగనట్టు ఉంటుంది. అంటే నీరు ఎక్కువగా పేరుకునే వేళే, ఇంజన్ చల్లగా ఉండి బండి మెల్లగా నడిచే వేళే, ఆ గొట్టం పనికి రాదు.

1930లలో డీజిల్ ట్రాక్టర్లలో రింగులు మడ్డితో బిగుసుకుపోవడం పెద్ద తలనొప్పైంది. అమెరికాలోని ట్రాక్టర్ల కంపెనీలూ చమురు కంపెనీలూ కలిసి దాని మీద పని చేశాయి. ఆ దశకం మధ్యలో ఆయిల్లో మురికిని వదిలించే రసాయనాలు కలపడం మొదలైంది. వీటినే డిటర్జెంట్లన్నారు. లోహానికి మురికి అంటనీయవు, ఆమ్లాన్ని కొంత చంపుతాయి. డీజిల్ ఇంజన్లకు ఇది వరమైంది. పెట్రోలు కార్లకు మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా చల్లటి ఇంజన్‌లో పుట్టే మడ్డి బెడద వదల్లేదు. నగరాల్లో నిలుస్తూ కదులుతూ తిరిగే టాక్సీల్లో అది ఎక్కువగా కనబడేది. ఆయిలు కంపెనీలు తమ కొత్త ఆయిళ్ళను న్యూయార్క్ టాక్సీల్లోనే నడిపి పరీక్షించేవి. అక్కడ నిలిచిన ఆయిలు ఎక్కడైనా నిలుస్తుందని వాళ్ళకు తెలుసు.

ఇక మన దగ్గరి సంగతి. అంబాసిడర్ హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. ఎక్కువ కాలం దానిలో ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ 1489 సీసీ ఇంజన్. ఆ ఇంజన్ చాంబర్ దించడానికి ఇంజన్ కిందికి దింపక్కర్లేదు. కారు కింద పడుకుని, డ్రెయిన్ ప్లగ్ తీసి ఆయిలు దించి, చుట్టూ బోల్టులు విప్పితే చాంబర్ చేతికి వస్తుంది. మొదట కారేది నల్లటి ఆయిలు. తర్వాత చాంబర్ మూల్లో వేలితో తీస్తే వచ్చేది మడ్డి. కొన్ని ఇంజన్లలో వేలి మందం, కొన్నింటిలో అరచేయి పట్టేంత. మా మేస్త్రి చాంబర్ చూడకముందు జల్లెడ చూసేవాడు. ఆయిలు పంపుకు కింద ఉండే ఇనప జాలీ అది. దానికి మడ్డి పట్టి మూసుకుంటే పంపు ఎంత తిరిగినా ఆయిలు లాగదు. అప్పుడు ముందు పోయేది క్రాంకు బేరింగులు. పైన రాకర్ షాఫ్టు ఎండిపోతుంది, టాపెట్లు టకటకలాడతాయి. డ్రైవరు టాపెట్ శబ్దం విని టాపెట్ సెట్ చేయమంటాడు. మేస్త్రి మాత్రం మొదట టాపెట్ కవర్ తీయించి, లోపలి గోడ రంగు చూసి, ఆ తర్వాతే చాంబర్ దించమనేవాడు.

“ఒరేయ్, పైన మూత చూడరా. కింద ఏముందో అదే చెబుతాది,” అనేవాడు.

చాంబర్‌ను కిరసనాయిలుతో కడగడం, స్క్రేపర్‌తో మూలలు గీకడం, జల్లెడను బ్రష్షుతో తోమి గాలి కొట్టడం, బనీను గుడ్డతో తుడవడం, కొత్త కార్కు గ్యాస్కెట్‌కు గమ్ము రాసి బిగించడం – ఇదీ పని. దీన్ని కుర్రాళ్ళకు అప్పగించేవారు. కిరసనాయిలు చేతి చర్మాన్ని చీల్చేస్తుంది, వేళ్ళ సందుల్లో మంట పుడుతుంది. సాయంత్రం రంపపు పొట్టు, సబ్బు కలిపి రుద్దుకున్నా ఆ నలుపు గోళ్ళలో ఉండిపోయేది. చాంబర్ దించకుండా పని కావాలనే యజమానులకు ఇంకో పద్ధతుండేది. పాత ఆయిలు దించి, ఇంజన్‌లో కిరసనాయిలు పోసి కాసేపు స్టార్ట్‌లో ఉంచడం. దాన్ని ఫ్లషింగ్ అనేవారు. బాగా మడ్డి ఉన్న ఇంజన్‌లో ఇది చాలా ప్రమాదం. గోడలకు గట్టిగా అంటుకున్న మడ్డి పెచ్చులుగా ఊడి నేరుగా జల్లెడ మీదికే వస్తుంది. ఇంటి నుంచి మామూలుగా వచ్చిన కారు ఫ్లషింగ్ అయిన వారానికి బేరింగు కొట్టుకుని తిరిగొచ్చేది. మా మేస్త్రి ఆ పని ఒప్పుకునేవాడు కాదు. బేరం పోయినా సరే చాంబర్ దించే కడగాలనేవాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న అన్నిటిలో అది ఎక్కువ విలువైనదని ఇప్పటికీ అనుకుంటాను.

ఏ కార్లలో మడ్డి ఎక్కువ? ఇక్కడే నాకు ఈ విషయం మీద పట్టు దొరికింది. విశాఖ నుంచి శ్రీకాకుళం, విజయనగరం తిరిగే టాక్సీ అంబాసిడర్లు లక్ష కిలోమీటర్లు దాటినా చాంబర్‌లో మడ్డి తక్కువ ఉండేది. మహారాణిపేటలో ఇల్లు, కింగ్ జార్జి ఆసుపత్రిలో ఉద్యోగం, సాయంత్రం దగ్గర్లోనే క్లినిక్ – ఇలా ఉన్న డాక్టర్ల కార్లలో, మీటరు చాలా తక్కువ తిరిగినా, చాంబర్ నిండి ఉండేది. ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ నీరు వేడెక్కినంత త్వరగా ఆయిలు వేడెక్కదు. ఆయిలు బాగా కాగి, కలిసిన నీరు ఆవిరై, ఆ ఆవిరి బ్రీదర్‌లో పోవాలంటే ఇరవై ముప్ఫై నిమిషాలు ఆగకుండా నడవాలి. ఐదు నిమిషాల్లో ఆసుపత్రి చేరే కారుకు ఆ వేడి ఎన్నడూ అందదు. రోజుకు నాలుగుసార్లు నీరు పుడుతుంది, ఒక్కసారీ పోదు. పెద్ద డాక్టరుగారి కారు, జాగ్రత్తగా నడిపిన కారు, కడిగి మెరిపించిన కారు లోపల అంత మడ్డి ఎందుకుందో వాళ్ళ డ్రైవర్లకు అర్థమయ్యేది కాదు. తమ మీద అనుమానమొస్తుందని భయపడేవారు. వాళ్ళ తప్పేమీ లేదని యజమానికి చెప్పి ఒప్పించడం కూడా మా పనిలో భాగమే.

దీనికి తోడు మన దేశంలో ఒక అలవాటు పాతుకుపోయింది. థర్మోస్టాట్ తీసి పారేయడం. రేడియేటర్ నీటి దారిలో ఉండే ఆ చిన్న వాల్వు ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వదు. వేసవిలో ఘాట్ రోడ్డు మీద ఇంజన్ మరిగిందంటే మొదట నింద పడేది దాని మీదే. షెడ్డులో అది తీసేస్తే మరగడం తగ్గినట్టే ఉండేది. వేడి దేశానికి ఆ వాల్వు అక్కర్లేదని మెకానిక్కులూ నమ్మారు, యజమానులూ నమ్మారు. కానీ తర్వాత ఆ ఇంజన్ పొద్దున పూట, వానాకాలంలో, చిన్న దూరాల్లో వేడెక్కకుండానే తిరిగేది. రేడియేటర్‌లో తుప్పు వదిలించాల్సిన చోట థర్మోస్టాట్ తీశారు. చాంబర్‌లో పేరుకున్న మడ్డికీ తీసేసిన ఆ వాల్వుకూ సంబంధం ఉందని గుర్తించినవాళ్ళు తక్కువ. ఒక తరం మొత్తం ఇంజన్లు ఇలా చలిలో నడిచాయి. విశాఖపట్నం ఎండలో చలి అంటే వింతగా ఉంటుంది గానీ, ఇంజన్‌కు డెబ్బై డిగ్రీలు కూడా చలే.

ఆయిలు వైపు కూడా మనకు దారి సుగమం కాలేదు. విశాఖలో కాల్‌టెక్స్ రిఫైనరీ 1957లో మొదలైంది. మల్కాపురం వైపు ఆ చిమ్నీ మంట మా ఊరివాళ్ళందరికీ గుర్తే. 1970లలో అది జాతీయమై 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. అయితే అక్కడ తయారైంది ప్రధానంగా పెట్రోలు, డీజిల్, కిరసనాయిలు. ఇంజన్ ఆయిలుకు కావలసిన మూల నూనె 1960ల చివరిదాకా దిగుమతే. ఆ దశకం చివర బొంబాయి ట్రాంబేలో, మద్రాసులో, తర్వాత 1975లో హల్దియాలో మొదలైన రిఫైనరీల్లో అది ఇక్కడే తయారవసాగింది. ఇండియన్ ఆయిల్ 1972లో సర్వో పేరుతో తన ఆయిళ్ళు తెచ్చింది. అదే ఏడు ఫరీదాబాద్‌లో పరిశోధన కేంద్రం పెట్టింది. ఆ కేంద్రం మన ఎండలకూ మన ఇంజన్లకూ తగిన ఆయిళ్ళ మీద చేసిన పనికి తగినంత గుర్తింపు రాలేదని నా బాధ.

బజార్లో మాత్రం పరిస్థితి వేరుగా ఉండేది. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిలు చవక. దించిన ఆయిలును మట్టితో, ఆమ్లంతో శుద్ధి చేశామని మళ్ళీ అమ్మేవారు. పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాలకు గిరాకీ ఉండేది. అందుకే మా షెడ్డులో కొత్త డబ్బా ఖాళీ కాగానే స్క్రూడ్రైవర్‌తో దాని అడుగున రంధ్రం పొడిచి పారేసేవాళ్ళం. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఇంకోటి, ఆయిలు మార్చకుండా తగ్గినంత పోస్తూ నడపడం. పోసిన కొత్త ఆయిల్లోని డిటర్జెంటు పాత మురికిని పట్టుకోవడంలోనే అయిపోతుంది. డిటర్జెంటు ఉన్న ఆయిలు త్వరగా నల్లబడుతుంది, ఎందుకంటే మసిని గోడల మీద వదలకుండా తనలో మోస్తుంది. దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకున్నారు. నల్లబడని ఆయిలే మంచిదనుకుని, ఏ మందూ లేని ఆయిలు కొన్నారు. గేజ్ కడ్డీ మీద ఆయిలు తేనె రంగులో మెరుస్తూ ఉంటే సంతోషించారు. మురికి మాత్రం చాంబర్‌లో దిగుతూనే ఉంది.

ఈ మధ్యలో అమెరికాలో ఒక మార్పు జరిగింది. అది ఆయిలు కోసం వచ్చింది కాదు. లాస్ ఏంజెలిస్ ఆకాశాన్ని కమ్మేసే పొగకు కారణం వాహనాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి మారడమేనని డచ్చి దేశంలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో తేల్చాడు. తర్వాత వెతికితే, కారు వదిలే హైడ్రోకార్బన్లలో ఇంచుమించు ఐదో వంతు సైలెన్సర్ నుంచి కాక ఆ వేలాడే బ్రీదర్ గొట్టం నుంచే వస్తోందని తెలిసింది. దానితో గొట్టాన్ని రోడ్డు వైపు కాకుండా ఇంజన్ గాలి పీల్చే మానిఫోల్డ్ వైపుకు తిప్పి, మధ్యలో ఒక స్ప్రింగు వాల్వు పెట్టారు. దాన్ని పీసీవీ వాల్వు అంటాం. కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్లకు, 1963 మోడళ్ళతో అమెరికా అంతటా అది వచ్చింది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ, బండి నిలబడినా సరే, మానిఫోల్డ్ క్రాంకుకేసులోని ఆవిరిని లాగుతుంది. గాలి శుభ్రం కోసం పెట్టిన వాల్వు నీటిని కూడా బయటికి లాగింది. మొదట్లో కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే మడ్డితో మూసుకుపోయి సమస్య ఎక్కువైంది. మడ్డి రేణువులను ఒకదానికొకటి అంటుకోకుండా ఆయిల్లో తేలనిచ్చే కొత్త మందులు, డిస్పర్సెంట్లు, 1950లు, 60లలో వాడుకలోకి వచ్చి దానికి విరుగుడయ్యాయి. చాంబర్ శుభ్రంగా ఉండటానికి ఈ వాల్వూ ఆ మందూ కలిసి చేసిన మేలు ఇంకేదీ చేయలేదు.

అయితే ఆ వాల్వు మన దేశానికి అంతకు ముందే వచ్చిందన్న సంగతి నాకు చాలా ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపులకు క్రాంకుకేసు గాలి వాల్వు ఉండేది. సైనిక బండ్లు వాగులు దాటుతుంటే వేలాడే గొట్టంలోంచి నీళ్ళు లోపలికి రాకూడదు కదా. యుద్ధం ముగిశాక మహీంద్రా వాళ్ళు 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. అలా ఆ చిన్న ఇత్తడి వాల్వు మన ఏజెన్సీ దాకా చేరింది. పాడేరు, చింతపల్లి వైపు తిరిగిన పాత పెట్రోలు జీపుల్లో నేను దాన్ని చూశాను. చాలావాటిలో అది పని చేసే స్థితిలో లేదు. మూసుకుపోయినప్పుడు ఇంజన్ స్లోలో సరిగా నిలవదు, దాంతో దాన్ని తీసి ఆ చోట ఒక బోల్టు బిగించేసేవారు. ఆ తర్వాత లంబసింగి చలిలో ఆ జీపు టాపెట్ కవర్ తీస్తే తెల్లటి ముద్ద అంచుల దాకా ఉండేది. వాల్వును పెట్రోల్లో నానబెట్టి కడిగి, స్ప్రింగు సరిచేసి తిరిగి పెట్టించిన జీపుల్లో ఆ ముద్ద మరుసటి చలికాలానికి కనబడేది కాదు. విశాఖలో అదే ఇంజన్ అంత తెల్లగా ఎన్నడూ అయ్యేది కాదు. కొండ మీద చలి, కింద ఉక్క. 2022లో జిల్లా విడిపోయేదాకా ఒకే జిల్లాలో రెండు రకాల మడ్డి చూసే అవకాశం ఉత్తరాంధ్ర మెకానిక్కుకు ఉండేది.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. మా మేస్త్రి తరం దాన్ని బొమ్మ కారన్నారు గానీ, మొదటిసారి దాని టాపెట్ కవర్ విప్పినప్పుడు లోపల అల్యూమినియం తేనె రంగులో ఉండటం చూసి ఆగిపోయారు. ఆవిరిని రోడ్డు మీదికి కాక మానిఫోల్డ్‌లోకే పంపే మూసిన గాలి దారి, కచ్చితంగా పనిచేసే థర్మోస్టాట్, సన్నని ఖాళీలతో కోసిన రింగులు, దాని కోసం చెప్పిన ఆయిలు. చాంబర్ దించే పని మెల్లగా మా షెడ్డు నుంచి తగ్గిపోయింది. 1990ల మొదట్లో ఆయిళ్ళ దిగుమతి, వ్యాపారం మీద ఆంక్షలు సడలి విదేశీ కంపెనీలు వచ్చాక మంచి ఆయిలు దొరకడం తేలికైంది. కిరసనాయిలు డబ్బా పక్కన స్క్రేపర్ పట్టుకుని కూర్చునే కుర్రాళ్ళకు వేరే పనులు నేర్పాల్సి వచ్చింది.

మడ్డి పోయిందనుకుంటే పొరపాటు. 1980లలో పశ్చిమ జర్మనీలోనూ బ్రిటన్‌లోనూ నల్ల మడ్డి సమస్య వచ్చి, దాని కోసం ప్రత్యేకంగా ఇంజన్ పరీక్షలు తయారు చేయాల్సి వచ్చింది. ఊళ్ళో నిలిచి కదిలే నడక, వెంటనే హైవే మీద విపరీతమైన జోరు – ఆ రెండూ కలిసిన చోట పుట్టింది అది. 2002లో టొయోటా 1997–2002 మధ్య అమెరికాలో అమ్మిన సుమారు 33 లక్షల వాహనాలకు మడ్డి నష్టం మీద ప్రత్యేక హామీ ప్రకటించింది. అంత పేరున్న ఇంజన్లలో కూడా అది పుడుతుందంటే, ఆయిలు మార్చే దూరం పెంచుకుంటూ పోవడం ఎంత సున్నితమైన వ్యవహారమో తెలుస్తుంది.

ఇప్పుడు మన పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ ఉంది. ఇథనాల్ నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది. అదే దూరం నడవడానికి ఇథనాల్ ఎక్కువ కాలాలి కాబట్టి పుట్టే నీరూ కొంత పెరుగుతుంది. హైబ్రిడ్ కార్లు ఇంకో పక్కన. ట్రాఫిక్‌లో బ్యాటరీ మీద నడుస్తూ ఇంజన్ మధ్యమధ్యలో కాసేపే తిరుగుతుంది. ఇంధనం మిగులుతుంది, నాకు సంతోషమే. కానీ ఆయిలు వేడెక్కే అవకాశం డాక్టరుగారి అంబాసిడర్‌కు లేనట్టే దీనికీ లేదు.

మొన్న చలికాలంలో ఒక హైబ్రిడ్ కారు యజమాని మా అబ్బాయి షెడ్డుకు వచ్చాడు. ఆయిలు మూత కింద తెల్లటి ముద్ద ఉంది. వేరే ఎవరో హెడ్ గ్యాస్కెట్ పోయిందని, హెడ్ విప్పాలని చెప్పారట. మూతా గేజ్ కడ్డీ రెండూ చూశాను. కడ్డీ మీద ఆయిలు బాగానే ఉంది. రేడియేటర్ ట్యాంకులో నీరు గీత దగ్గరే ఉంది, నీటి మీద ఆయిలు తెట్టు లేదు. గ్యాస్కెట్ పోతే నీరు తగ్గాలి, కడ్డీ కూడా తెల్లబడాలి. అడిగితే, ఇల్లు ఎంవీపీ కాలనీ, ఆఫీసు సిరిపురం, అంతే తిరుగుడని చెప్పాడు. ఆదివారం పొద్దున బయల్దేరి, హైవే మీద ఎక్కడా ఆగకుండా శ్రీకాకుళం దాకా వెళ్ళి రమ్మన్నాను. సోమవారం మూత తీసి చూస్తే అంచున సన్నటి తెల్ల గీత తప్ప ఏమీ లేదు. హెడ్ విప్పలేదు. ఆయిలూ ఫిల్టరూ మాత్రం అప్పుడే మార్పించాం. ఇలాంటి చిన్న తిరుగుడు బండికి, కంపెనీ పుస్తకంలో కఠిన వాడకం కింద రాసిన తక్కువ దూరానికే ఇక ముందు కూడా మార్చుకోమని, ఆ పేజీ తీసి ఆయనకు చూపించాను.